లెక్కపెట్టుట, లెక్కచేయుట

తెలుగులో 'లెక్క' అనే మాట రెండు విధాలుగా నడుస్తున్నది. రూకలను లెక్కపెడతాము, మనుషులను లెక్కచేస్తాము. మొదటిది గణితం, రెండవది మర్యాద. "అతడు నన్ను లెక్కచేయలేదు" అని ఒకరు నొచ్చుకొన్నప్పుడు ఆ మాటలో అంకె ఏదీ లేదు. తన ఉనికిని ఎదుటివాడు గుర్తించలేదన్న బాధ ఉన్నది. ఈ రెండర్థాలూ ఒక మాటలో ఎట్లా కుదిరినవో భాషావేత్తలు చెప్పవలెను. కాని ఈ రెండూ ఒకే చేతిలో ఉండితీరవలసిన వృత్తి ఒకటున్నది. అది నర్సు వృత్తి, మంత్రసాని వృత్తి. నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకొంటున్నదో లెక్కపెట్టేదీ ఆమెయే; మంచం మీద మూలుగుతున్న మనిషిని మనిషిగా లెక్కచేయవలసినదీ ఆమెయే.

ఆ చేతికి ఈ పది పదిహేనేళ్ళలో ఒక కొత్త పనిముట్టు వచ్చినది. సెల్‌ఫోను, ట్యాబు, ఆసుపత్రి కంప్యూటరు అని దానికి పేర్లు అనేకం. గర్భవతి పేరు, వయస్సు, ఎత్తు, బరువు, రక్తపుపోటు, నెత్తురులోని హిమోగ్లోబిను, ఇదివరకటి కాన్పులు, బ్యాంకు ఖాతా సంఖ్య, అన్నీ ఆ తెర మీదికి ఎక్కుతున్నవి. దీనిని చూచి కొందరు యంత్రం వచ్చినది గదా, ఇక పొరపాటుకు తావే లేదని సంబరపడుతున్నారు. మరికొందరు చేతి స్పర్శ పోయి గాజుపలక మిగిలినదని నిట్టూరుస్తున్నారు. ఈ సంబరమూ, ఈ నిట్టూర్పూ రెండూ అసలు ప్రశ్నను తప్పించుకొంటున్నవని నా అభిప్రాయం. అసలు ప్రశ్న యంత్రాన్ని గూర్చినది కాదు. తల్లి వద్దనుండి తీసికొన్న అంకె మరల ఆ తల్లి పడక వద్దకు తిరిగి వస్తున్నదా, లేదా? వచ్చిన పక్షమున అది విద్య. రాని పక్షమున అది వట్టి జమాఖర్చు.

ఈ ప్రశ్నను పరీక్షించడానికి హైదరాబాదు పాతబస్తీని మించిన స్థలం లేదు. 1591లో వెలసిన ఈ నగరంలో నాలుగైదేళ్ళు తిరగకముందే మహమ్మద్ కులీ కుతుబ్ షా దారుల్‌షిఫా అనే వైద్యాలయాన్ని కట్టించినాడు. ఆ పేట నేటికీ ఆ పేరుతోనే పిలువబడుతున్నది. తరువాత మూడు శతాబ్దాలకు, 1906లో, మూసీ తీరాన స్త్రీల కొరకు జనానా ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. బ్రిటిషు యువరాణి మేరీ ఆ రాయి వేసినది. నేడు పాతబస్తీ తల్లుల భారాన్ని ప్రధానంగా మోస్తున్నది పేట్లబురుజులోని ప్రభుత్వ ఆధునిక ప్రసూతి ఆసుపత్రి. శాలిబండ, యాకుత్‌పురా, తలాబ్‌కట్టా, ఫలక్‌నుమా, బహదూర్‌పురా వంటి పేటలనుండి నెలలు నిండిన స్త్రీలు ఆటోలలో అక్కడికి చేరుకొంటారు. వారిలో చాలామంది మాట్లాడేది దక్కనీ ఉర్దూ. వారిని చూచే నర్సు భాష తెలుగు కావచ్చును, మలయాళం కావచ్చును. ఆమె ముందున్న తెర మీది భాష ఇంగ్లీషు. ఒక్క అంకె ఇన్ని భాషల మీదుగా ప్రయాణం చేసి చెడకుండా గమ్యం చేరడం సామాన్యమైన విషయం కాదు.

కొత్తదానిని పరీక్షించేముందు పాతదానిని గూర్చి భ్రమలు విడిచిపెట్టడం మంచిది. మన పల్లెల మంత్రసాని, పాతబస్తీ గల్లీల దాయీ, ఇద్దరూ చేతి నేర్పు గలవారే. పొట్ట మీద చేయి వేసి బిడ్డ తల ఎటున్నదో చెప్పగలిగినవారు. తెల్లవార్లూ చూలాలి నడుము నిమురుతూ ధైర్యం చెప్పినవారు. తల్లిని లెక్కచేయడంలో వారికి వంక పెట్టలేము. కాని వారు లెక్కపెట్టలేదు. ఏ ఇంట ఎందరు బాలింతలు జ్వరంతో పోయినారో, ఏ బిడ్డ బొడ్డు కోసిన తరువాత ఎన్నవనాడు బిగుసుకొని పోయినాడో వ్రాసిపెట్టినవారు లేరు. చావు తలవ్రాత క్రింద పోయినది. లెక్కకు రాని చావుకు కారణం వెదకేవారు ఉండరు. జ్ఞాపకం ఎంత గొప్పదైనా మనిషితో పోతుంది. వ్రాతయే మిగులుతుంది.

లెక్క ప్రాణాలు నిలుపుతుందనడానికి ప్రసూతి వైద్య చరిత్రలోనే గొప్ప నిదర్శనమున్నది. వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. ఒకదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసాని విద్యార్థినులు శిక్షణ పొందేవారు. 1846లో మొదటి విభాగంలో నూటికి 11 మందికి పైగా బాలింతలు సూతికాజ్వరంతో మరణించగా, రెండవ విభాగంలో మరణించినవారు ముగ్గురికి లోపు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు ఈ రెండు అంకెలను ప్రక్క ప్రక్కన పెట్టి, వైద్యవిద్యార్థులు శవపరీక్ష చేసిన చేతులతోనే కాన్పులు చేయడం ఈ భేదానికి కారణమని గ్రహించినాడు. 1847లో క్లోరిను కలిపిన సున్నపు నీటితో చేతులు కడుగుకొనే నియమం పెట్టినాడు. 1848 నాటికి రెండు విభాగాలలోనూ మరణాలు నూటికి ఒకటి చిల్లరకు దిగినవి. అయినప్పటికీ ఆయన లెక్కను నాటి పెద్దలు ఒప్పుకోలేదు. ఆయన లెక్కపెట్టినాడు, లోకం లెక్కచేయలేదు. 1865లో ఆయన పిచ్చాసుపత్రిలో కన్నుమూసినాడు.

ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు చెప్పగానే మన పాఠ్యపుస్తకాలు దీపం పట్టుకొన్న స్త్రీ బొమ్మను చూపుతవి. ఆ దీపంతో పాటు ఆమె చేతిలో ఒక లెక్కల పుస్తకం కూడా ఉన్నదని పిల్లలకు చెప్పేవారు తక్కువ. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటె రోగాలవల్లనే ఎక్కువగా చచ్చినారని రంగుల పటాలు గీచి ప్రభుత్వానికి నిరూపించినది ఆమెయే. 1858లో లండను గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమెయే. కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో మంత్రసానుల శిక్షణకై తన నిధితో నెలకొల్పిన ప్రసూతి విభాగంలో సూతికాజ్వరపు మరణాలు హెచ్చినవని తెలియగానే 1867లో దానిని మూసివేయించినది. తరువాత వివిధ ప్రసూతి శాలల మరణాల లెక్కలు సేకరించి 1871లో ఒక గ్రంథం వెలువరించినది. తన సొంత సంస్థను తన లెక్కల ముందు నిలబెట్టి తీర్పు చెప్పుకోగల ధైర్యం ఎందరికుంటుంది? లెక్క అనగా పైవారికి పంపే కాగితం కాదని, తన పనిని తాను చూచుకొనే అద్దమని ఆమె గ్రహించినది.

ఇక పురిటిగది లోపలి లెక్క ఒకటున్నది. దాని పేరు పార్టోగ్రాఫు. అది ఒక గళ్ళ కాగితం. అడ్డంగా గంటలు, నిలువుగా గర్భాశయ ముఖద్వారం విచ్చుకొన్న కొలత సెంటీమీటర్లలో. నొప్పులు పడుతున్న స్త్రీని పరీక్షించినప్పుడల్లా ఒక గుర్తు పెట్టి, గుర్తులను గీతతో కలుపుతారు. గీత సవ్యంగా పైకి పోతుంటే కాన్పు సవ్యంగా సాగుతున్నది. గీత కుడివైపునకు వాలి, హెచ్చరిక రేఖను దాటినదంటే మేలుకొనవలెను. దానికి నాలుగు గంటల ఎడంలో ఉన్న రెండవ రేఖను తాకేలోగా ఏదో ఒక నిర్ణయం జరిగితీరవలెను. 1972లో ఫిల్‌పాట్, కాసిల్ అనే వైద్యులు నేటి జింబాబ్వే దేశంలో దీనికి ఆ రేఖలు గీచినది పెద్ద డాక్టర్ల కొరకు కాదు. పట్టణానికి దూరాన ఒంటరిగా పనిచేసే మంత్రసాని, ఈ తల్లిని ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపవలెనో తానే నిర్ణయించుకోగలగడానికి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పత్రాన్ని సంస్కరించినది. ప్రతి స్త్రీకీ గంటకు ఒక సెంటీమీటరు చొప్పున విచ్చుకొనవలెనన్న పట్టుదలను విడిచిపెట్టినది. అంతేగాక, ఆమె వద్ద తోడు ఎవరైనా ఉన్నారా, తాగడానికి ఏమైనా ఇచ్చినారా, ఏ భంగిమలో ఉన్నదనే వివరాలకు గూడ అందులో గళ్ళు కేటాయించినది. లెక్కచేయడాన్ని లెక్కపెట్టే కాగితంలోనే చేర్చిన ఈ సంస్కారం మెచ్చదగినది.

అంకెకు చేయి తోడైనప్పుడు ఏమి జరుగుతుందో 2023లో వెలువడిన ఒక పరిశోధన చూపినది. కాన్పు తరువాత పోయే నెత్తురును కంటితో అంచనా వేయడం అలవాటు. కన్ను మోసపోతుంది, పోయినది తక్కువగా తోస్తుంది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాలలో 80 ఆసుపత్రులలో రెండు లక్షలకు పైగా కాన్పులను పరిశీలించినారు. కొన్ని ఆసుపత్రులలో తల్లి క్రింద కొలత గీతలున్న ప్లాస్టిక్ గుడ్డ పరచి, నెత్తురు ఇంత పోయినదని తెలియగానే గర్భాశయాన్ని మర్దించడం, మందులివ్వడం మొదలైన పనులన్నీ ఒక్కుమ్మడిగా చేసినారు. అక్కడ తీవ్రమైన రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపదలు నూటికి అరవై వంతులు తగ్గినవి. ఇక్కడ పనిముట్టు గీతలున్న ఒక గుడ్డ మాత్రమే. దాని మహిమ అంతా కొలిచిన చేయియే వెంటనే చికిత్సకు పూనుకోవడంలో ఉన్నది. కొలత ఒక చోట, చికిత్స మరొక చోట అయితే ఆ గుడ్డకు విలువ లేదు.

ఈ దృష్టితో మన తెరలను చూతము. గర్భవతులను, శిశువులను పేరుపేరునా నమోదు చేసే పద్ధతి దేశంలో 2009లో మొదలైనది. 2016లో ఏ.ఎన్.ఎం.ల చేతికి అన్‌మోల్ అనే ట్యాబు కార్యక్రమం వచ్చినది. మొదట దానిని చేపట్టిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2017 జూన్‌లో నాటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు పేట్లబురుజు ఆసుపత్రిలోనే కేసీఆర్ కిట్ పథకాన్ని ప్రారంభించినారు. గర్భవతి వివరాలు కంప్యూటరులో ఎక్కగా, పరీక్షలకు, ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకు, బిడ్డ టీకాలకు ముడిపెట్టి, మగబిడ్డ అయితే 12,000, ఆడబిడ్డ అయితే 13,000 రూపాయలు విడతలుగా తల్లి ఖాతాలో వేసే ఏర్పాటు అది. 2021లో ప్రతి పౌరునికీ పదునాలుగు అంకెల ఆరోగ్య సంఖ్య ఇచ్చే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా ఆరంభమైనది.

వీటి మేలును కాదనడం కృతఘ్నత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రభుత్వాసుపత్రులలో జరిగే కాన్పులు 2015-16 నాటికి నూటికి 30 ఉండగా, 2019-21 నాటికి 50కి చేరువైనవి. లక్ష జీవజననాలకు తల్లుల మరణాలు 2014-16లో 81 ఉండగా, 2018-20లో 43కు తగ్గినవి. అప్పటి దేశపు సగటు 97. ఇదంతా కంప్యూటరు వల్లనే జరిగినదనడం అతిశయోక్తి; ఆశా కార్యకర్తల కాళ్ళు, అంబులెన్సుల చక్రాలు, వైద్యుల చేతులు అన్నీ ఇందులో ఉన్నవి. కాని ఒక్క విషయం ఆలోచింపుడు. ఒక గర్భవతికి మూడవ నెలలో హిమోగ్లోబిను 10, ఆరవ నెలలో 9, ఎనిమిదవ నెలలో 7.8 ఉన్నదనుకొందాము. మూడు వేర్వేరు చోట్ల మూడు వేర్వేరు చీటీలపై ఉన్నంతకాలం ఏ ఒక్క అంకెయూ కేకవేయదు. మూడూ ఒక తెరపై ఒక గీతగా కనబడినప్పుడు, ఏడు దాటి దిగకముందే జాగ్రత్తపడవలెనని నర్సుకు తోస్తుంది. సగానికి పైగా గర్భవతులు రక్తహీనతతో బాధపడుతున్న దేశంలో ఇది చిన్న ఉపకారం కాదు.

అయితే అదే సర్వే మరొక అంకెను గూడ చెబుతున్నది. 2019-21లో తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కోతతోనే జరిగినవి. దేశంలో కెల్ల ఇదే హెచ్చు. దేశపు సగటు 21.5 మాత్రమే. ప్రైవేటు ఆసుపత్రులలో 81.5, ప్రభుత్వాసుపత్రులలో 44.5. కోతలు నూటికి పదికి మించినప్పుడు జనసామాన్యంలో తల్లుల, శిశువుల మరణాలు ఇంకా తగ్గినట్లు కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే ప్రకటించినది. ఈ అంకె ఎవరికీ రహస్యం కాదు. నివేదికలలో ఉన్నది, పత్రికలలో వచ్చినది. మరి అది పురిటిగదికి ఎంత తిరిగి వచ్చినది? ఒకసారి కోత పడిన తల్లికి మరుసటి కాన్పు మరింత జాగ్రత్తతో కూడినదన్న సంగతి, నొప్పులు రాకముందే ముహూర్తం చూచి కోత కోరే కుటుంబానికి ఎవరు చెప్పినారు?

దీనికి సమాధానంగా తెలంగాణ ప్రభుత్వం చేసిన ఒక మంచి పని నర్సులనే సహజ ప్రసవంలో నిపుణులుగా తయారుచేయడం. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ సంస్థ, యునిసెఫ్ తోడ్పాటుతో 2017లో పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణను కరీంనగరులో ప్రారంభించినారు. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు వెలువరించినది. 2023లో నర్సింగు, మిడ్‌వైఫరీ వృత్తులకు జాతీయ కమిషను ఏర్పరచే చట్టం వచ్చినది. అంకె జబ్బును చూపినది. చేయి చికిత్సకు కదిలినది. ఇట్లా అంకె వెంట చేయి నడచినప్పుడే లెక్కకు సార్థకత.

ఇక చిక్కులను గూర్చి చెప్పవలెను. మొదటిది కాలం. ఒక గదిలో పలువురు స్త్రీలు నొప్పులు పడుతుండగా ఒక్క నర్సు వారి మధ్య తిరుగుతుంటే ఆమె గళ్ళ కాగితం నింపడానికి తీరిక ఎక్కడిది? అందుచేత కాన్పు అయిపోయిన తరువాత కూర్చుండి పార్టోగ్రాఫును పూర్తిచేసే అలవాటు పలు దేశాలలో ఉన్నదని పరిశోధకులు మరిమరి వ్రాసినారు. అప్పుడు గీతలన్నీ చక్కగానే వస్తవి. ఎందుకనగా ముగింపు ముందే తెలిసినది గదా! గడియారం ఆగిపోయిన తరువాత గంటలు కొట్టినట్టు. దానినే కంప్యూటరులోకి మార్చితే అబద్ధానికి అందమైన అక్షరాలు వస్తవి గాని అది నిజం కాజాలదు. దీనికి తోడు, రిజిస్టరులో ఒకసారి, ట్యాబులో మరొకసారి అదే వివరం వ్రాయించడం ఉన్నది. రెండవసారి వ్రాసే ప్రతి నిమిషమూ ఒక తల్లి ప్రక్కన గడపవలసిన నిమిషమే.

రెండవది భయం. అంకె తక్కువైతే సంజాయిషీ అడుగుతారని తెలిసినచోట అంకె తక్కువ కాదు. పాఠశాలలలో ఉత్తీర్ణుల శాతాన్ని గూర్చి ఉపాధ్యాయులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. లెక్కను బెత్తంగా వాడినంతకాలం అది నిజం చెప్పదు. నైటింగేల్ వలె దానిని అద్దంగా వాడవలెను.

మూడవది భాష. "తలనొప్పిగా ఉన్నదా? కండ్లు మసకబారుతున్నవా?" అనే రెండు ప్రశ్నలు రక్తపుపోటుతో వచ్చే గుర్రపువాతాన్ని ముందుగా పసికట్టగలవు. ఆ ప్రశ్న తల్లి భాషలో అడగకపోతే ఆమె తల ఊపుతుంది. తెరపై 'లేదు' అన్న గుర్తు పడుతుంది. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. వినబడని ప్రశ్నకు వచ్చిన జవాబు. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా అంగీకరించినది. అధికార భాష అన్న గౌరవం కచేరీ పలకల మీదనే గాక, పాతబస్తీ పురిటిగదిలో గూడ వినబడవలెను. అక్కడ పనిచేసే నర్సుకు ఓ వంద దక్కనీ మాటలు నేర్పడం ఒక కొత్త యంత్రం కొనడం కంటె చౌక, ఫలం అధికం.

నాలుగవది గుట్టు. మన ఇండ్లలో గర్భం మొదటి నెలలలో పొరుగువారికి సైతం చెప్పరు. అటువంటి సంగతులు ఇప్పుడు ఎక్కడో ఉన్న యంత్రంలో నిలువ ఉంటున్నవి. 2019-21 సర్వే నాటికి దేశంలో తాము సొంతంగా వాడుకొనే సెల్‌ఫోను ఉన్న స్త్రీలు నూటికి 54 మంది మాత్రమే. కనుక గర్భవతి పేరు ప్రక్కన వ్రాసిన ఫోను నంబరు భర్తదో, మరిదిదో, మామగారిదో కావచ్చును. గర్భస్రావమైన సంగతి, రోగపరీక్ష ఫలితం ఆమెకంటె ముందు ఆ ఫోనుకు చేరినదంటే దానిని సేవ అనగలమా? గోప్యత మనిషి ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకు 2023లో చట్టమే వచ్చినది. అయితే చట్టం పురిటిగది తలుపు వద్ద నిలబడి కాపలా కాయలేదు. "ఈ నంబరు ఎవరిదమ్మా? దీనికి సంగతులు పంపవచ్చునా?" అని ఒక్క మాట అడిగే నర్సుయే ఆ చట్టానికి చేయి.

యంత్రం చూపిన అంకెయే పరమసత్యమని నమ్మేవారికి ఈ నగరపు చరిత్రలోనే ఒక పాఠమున్నది. కాన్పు నొప్పులకు సైతం క్లోరోఫారం వాడుతున్న కాలమది. దానివల్ల అప్పుడప్పుడు ప్రాణం పోవడానికి కారణమేమిటో తేల్చడానికి నిజాం ప్రభుత్వ వ్యయంతో 1888, 1889 సంవత్సరాలలో ఇక్కడ రెండు సంఘాలు పనిచేసినవి. వైద్యాధికారి ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగాలు జరిపి, రక్తపుపోటును యంత్రాలతో గీతలుగా నమోదు చేసినారు. ప్రపంచంలో మత్తుమందు ఇచ్చిన తొలి మహిళా వైద్యులలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ నగరపు వైద్య పాఠశాలలో చదివి, ఆ కాలంలోనే పనిచేసినది. శ్వాసను కనిపెట్టి ఉండవలెనన్న లారీ ఉపదేశం మేలే చేసినది. కాని క్లోరోఫారం గుండెను నేరుగా ఆపదన్న సంఘం తీర్పు తప్పని 1911లో గుడ్‌మన్ లెవీ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించినాడు. గీతలు లెక్కకు మించి ఉన్నవి; తీర్పు మాత్రం తప్పినది. కొలతలు పెరిగినంత మాత్రాన తెలివి పెరగదు. కొలతను ప్రశ్నించగలిగిన మనిషి ప్రక్కన ఉండవలెను.

ఆ మనిషి నర్సు కావలెనని నా వాదం. ఇన్నాళ్ళూ ఆమెను మనం అంకెలు మోసే కూలీగానే చూచినాము. ఆమె వ్రాస్తుంది; మరెవరో చదువుతారు; ఇంకెవరో నిర్ణయిస్తారు. ఇది తిరగబడవలెను. ఆమె ఎక్కించిన వివరాల సారాంశం ప్రతి నెలా ఆమె వార్డుకే మొదట రావలెను. ఎందరికి రక్తస్రావం జరిగినది, ఎందరికి అనవసరపు కోత తప్పినది, ఎవరికి ఆలస్యమైనది అని నర్సులే కూర్చుండి చర్చించుకొనవలెను. ఒక వివరం ఒక్కసారి మాత్రమే వ్రాయించవలెను. తెర 'క్షేమం' అన్నప్పటికీ, ఈమె ముఖం బాగాలేదని నర్సు అంటే ఆ మాటకు గూడ ఒక గడి ఉండవలెను, దానికి జవాబు చెప్పేవారుండవలెను. తల్లికి ఆమె వివరాలు ఆమె చదవగలిగే భాషలో, ఆమె చేతిలో ఉండవలెను.

ఈ చివరి విషయంలో ఉపాధ్యాయులు చేయదగిన పని ఉన్నది. ప్రతి గర్భవతికీ మాతా శిశు సంరక్షణ కార్డు ఇస్తారు. అది పెక్కు ఇండ్లలో బీరువాలో చీరల క్రింద ఉంటుంది. దానిని ఒకనాడు తరగతికి పాఠంగా తీసుకొనిరండు. ఏ ఒక్క ఇంటి కార్డూ కాదు. వివరాలు నింపని ఖాళీ కార్డు. బరువు పెరుగుదల గీతను లెక్కల ఉపాధ్యాయుడు, హిమోగ్లోబిను అంటే ఏమిటో విజ్ఞాన శాస్త్ర ఉపాధ్యాయుడు, అందులోని మాటలను తెలుగు, ఉర్దూ ఉపాధ్యాయులు బోధించవచ్చును. తొమ్మిదవ తరగతి పిల్లలకు రేఖాచిత్రాలు ఎట్లాగూ ఉన్నవి. కొనుగోలుదారుని లాభనష్టాలకు బదులు ఒకనాడు కాన్పు గీతను గీయించిన తప్పేమి? గంటకు ఇంత చొప్పున పైకి పోయే గీత ఏమి చెబుతున్నది, అడ్డంగా సాగిపోయే గీత ఏమి చెబుతున్నది అని అడగండి. వాలు అన్న గణితపు మాటకు అంతకుమించిన అర్థం వారికి మరెక్కడా దొరకదు. ఆ పిల్లలు ఇంటికి పోయి వదినకో, అక్కకో కార్డు చదివి చెప్పగలిగితే, ఆసుపత్రి తీసికొన్న అంకె గడప దాటి తిరిగి ఇంటికి వచ్చినట్లే.

విద్యార్థినులకు, ఇప్పుడిప్పుడే ఈ వృత్తిలోకి అడుగుపెడుతున్న విద్యార్థులకు గూడ ఒక మాట. నర్సు చదువుకు ఓర్పు చాలును, లెక్కలు అక్కరలేదని ఎవరైనా అంటే నమ్మవద్దు. రేపటి నర్సు కంప్యూటరు ముందు కూర్చుండి గళ్ళు నింపేది కాదు. ఆ గళ్ళు ఏమి దాచుతున్నవో అడిగేది. శాతానికీ సగటుకూ తేడా తెలియని నర్సును ఎవరైనా అంకెతో బెదిరించగలరు. తెలిసిన నర్సు అంకెతో ఆసుపత్రి అధికారి ఎదుట నిలబడి, "మా వార్డుకు మరో ఇద్దరు కావలెను, ఇదిగో లెక్క" అనగలదు.

యంత్రాలు మారుతూనే ఉంటవి. నేటి ట్యాబు రేపు పాత సామాను. పేట్లబురుజులో తెల్లవారుజామున నొప్పులతో దిగిన స్త్రీకి మాత్రం కావలసినవి మారవు. తన నాడిని సరిగా లెక్కపెట్టే చేయి ఒకటి. తన మాట విని, తనను లెక్కచేసే మనిషి ఒకరు. ఆ రెండింటినీ ఒకే మనిషిలో నిలుపుకొనడానికి ఉపకరించే పనిముట్టును స్వాగతిద్దాము. వాటిని విడదీసేదానిని, అది ఎంత కొత్తదైనా సరే, సరిదిద్దిన పిమ్మటనే పురిటిగదిలోకి రానిద్దాము.